రొయ్యల చెరువు గట్టు నుంచి తెచ్చిన కుక్క: 23 రోజులైనా మెట్ల కింద నుంచి రావట్లేదు

నాగావళి గట్టు (శ్రీకాకుళం) · 2025 ఆగస్టు 17, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కొత్త సభ్యురాలిని. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా ఆయన రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. గార వైపు చెరువుల మీద తిరుగుతారు. అక్కడ ఒక చెరువుకి వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంట పోయింది. లీజుకి తీసుకున్నవాళ్లు ఏరేటర్లు, మోటార్లు ఊడదీసుకుని వెళ్లిపోయారు. కాపలా కుక్కని మాత్రం వదిలేశారు. అంటే విప్పి వదల్లేదు, పాక గుంజకి ఇనప తీగతో కట్టింది కట్టినట్టే ఉంది. పక్క చెరువు కుర్రాడు రెండ్రోజులకోసారి ఇంత అన్నం విసిరేవాడట. ఈయన చూసి ఉండబట్టలేక తీగ కోసి వ్యాన్‌లో ఎక్కించుకున్నారు. నాకు ఫోన్ చేసి "ఒక చుట్టం వస్తోంది, అన్నం కాస్త ఎక్కువ వండు" అన్నారు. నేను మా ఆడపడుచేమో అనుకున్నాను.

ఆడ కుక్క, రెండేళ్లుంటాయి. చోళ్ల (రాగుల) రంగు, అందుకే చోడి అని పిలుస్తున్నాం. మెడ చుట్టూ తీగ ఒరుసుకుపోయి వెంట్రుకలు లేని మచ్చ. వచ్చిన రోజు నీరసంతో లేవలేకపోతుంటే, మా అత్తయ్య ముచ్చటపడి కొన్న మువ్వల బెల్టు మెడకి కట్టాం. మర్నాటి నుంచి దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

మెట్ల కింద పాత బియ్యం డబ్బా వెనక దూరింది. అక్కడే పాస్. రాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు వచ్చి తిని మళ్లీ అక్కడికే. పగలు బొమ్మలా ఉంటుంది, తోక కూడా కదపదు. స్టీలు బకెట్ కింద పెట్టిన చప్పుడైతే ఒళ్లంతా వణుకు.

మూడు రోజుల కిందట మామయ్యగారు వంగి తల నిమరబోతే చేతి మీద పన్ను దింపింది. గీరుకుంది, రక్తం చుక్క వచ్చింది. ఆయన "పంపించెయ్యండి" అంటున్నారు. మా బాబుకి ఎనిమిదేళ్లు. మా ఆయన తెల్లారి అయిదింటికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తారు. తెచ్చింది ఆయన, కిందా మీదా పడేది నేను. నిజం చెప్పాలంటే నాకు కుక్కలంటే పెద్ద ఇష్టం కూడా లేదు. ఇది ఎప్పటికైనా మారుతుందా? లేకపోతే ఇప్పుడే పంపించేస్తే మంచిదా?

గరివిడి హాస్టల్ (గరివిడి) · ఆగస్టు 17, రాత్రి 11:05

అక్కా, కుక్క సంగతి తర్వాత. ముందు మీ మామయ్యగారి చెయ్యి. ఇంజక్షన్ వేయించారా? రక్తం వచ్చిందంటే అది కాటే, గీరుకుందిలే అనుకోడానికి లేదు. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏమీ పెట్టకూడదు. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజక్షన్) కూడా వేస్తారు. కుక్కని 10 రోజులు గమనిస్తూ ఉండండి, కానీ అది అయ్యేదాకా టీకా ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు.

నేను ఇక్కడ వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. ఇంకా డాక్టర్ని కాదు, ఆ లెక్కలోనే నా మాటలు తీసుకోండి.

నాగావళి గట్టు · ఆగస్టు 18, ఉదయం 6:15

వేయించలేదు. పసుపు అద్దుకుని "ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీ బస్సు తోలినవాణ్ణి, దీనికి భయపడతానా" అన్నారు. మీ పోస్టు చదివి వినిపించాను. కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఇవాళే తీసుకెళ్తున్నాం.

నాగావళి గట్టు · ఆగస్టు 18, సాయంత్రం 7:30

అయింది. గాయం చుట్టూ వేసిందే బాగా నొప్పట. టీకా చర్మంలోకి, రెండు చేతులకీ. ఇవాళ కాక మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు రమ్మన్నారు. చీటీ ఫ్రిజ్ మీద అంటించాను. దారంతా మాట్లాడలేదు గానీ ఇంటికి రాగానే మెట్ల దగ్గర నిలబడి "నీ పుణ్యమా అని నాకు సూదులు" అన్నారు దానితో.

రిటైర్డ్ హెచ్చెం (చీపురుపల్లి) · ఆగస్టు 19, ఉదయం 5:50

అమ్మాయీ, నా మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకు. మా మనవడికి ఆరేళ్లప్పుడు కుక్క చెంప పీకింది. పదకొండు కుట్లు. వాడిప్పుడు ఇంటర్. ఇప్పటికీ కుక్క ఉన్న సందు తప్పించి చుట్టు తిరిగి వెళ్తాడు. చిన్నపిల్లాడున్న ఇంట్లో, ఒకసారి పన్ను చూపించిన కుక్కని పెట్టుకోవడం ఏం జాలి? సుప్రీంకోర్టే మొన్న 11న వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది కదా. మున్సిపాలిటీకి అప్పజెప్పెయ్యండి.

పలాస జీడి · ఆగస్టు 19, ఉదయం 8:20

మాస్టారూ, ఆ ఆర్డరు ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ఊళ్లకి. చీపురుపల్లి దాకా ఇంకా బండి రాలేదు.

మూడు లాంతర్లు (విజయనగరం) · ఆగస్టు 19, రాత్రి 9:45

మాస్టారి భయం ఊరికే వచ్చింది కాదు, పదకొండు కుట్లంటే చిన్న విషయం కాదు. మా ఇంట్లో ఇప్పుడు మూడు కుక్కలు, మూడూ ఎక్కడో దెబ్బతిని వచ్చినవే. నాకు తెలిసింది చెప్తాను.

గట్టు గారూ, మీ మామయ్యగారు చెయ్యి చాపినప్పుడు అది ముందు మొహం పక్కకి తిప్పి ఉంటుంది. నాలుకతో మూతి తడుపుకుని ఉంటుంది. కనుగుడ్డు తెల్లగా కనిపించి ఉంటుంది. బిగుసుకుపోయి ఉంటుంది. అవన్నీ "వద్దు" అనడమే. మనకి ఆ భాష రాదు కాబట్టి ఆఖరి మాట పంటితో చెప్పింది. వెనక గోడ, ముందు మనిషి, పైనుంచి చెయ్యి. చెరువు దగ్గర పైనుంచి వచ్చిన చెయ్యి ఏం చేసేదో మనం చూడలేదు, అది చూసింది.

ఇప్పుడు చెయ్యాల్సిందల్లా దాని జోలికి పోకపోవడం. చెప్పడం తేలికే గానీ ఇంట్లో అందరూ పాటించడం మహా కష్టం. రోజూ ఒకే వేళకి, ఒకే గిన్నెలో అన్నం పెట్టి వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి. పిలవొద్దు, కళ్లలోకి చూడొద్దు. మెట్లకి అడ్డంగా పాత దుప్పటి వేలాడదీస్తే దానికో గదిలా ఉంటుంది. కూరలు తరుక్కునేటప్పుడు కాస్త దూరంలో, దానికి పక్కగా తిరిగి కూర్చోండి, మీ పని మీరు చేసుకోండి. స్టీలు బకెట్ అటకెక్కించి ప్లాస్టిక్‌ది వాడండి. బాబు దగ్గరకి పోకూడదు, ఇంకా చాలా రోజులు. వాడి పని ఒక్కటే: స్కూలు నుంచి రాగానే దూరం నుంచి ఒక చికెన్ ముక్క విసిరి, ఆగకుండా వెళ్లిపోవడం. వాణ్ణి, దాన్ని ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా అయిదు నిమిషాలు కూడా వదలొద్దు.

గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. మా మొదటి దానికి నేను చేసిన తప్పు అదే. గుర్రుమనడం మాన్పించాను. ఆ తర్వాత చెప్పకుండా కరవడం నేర్చుకుంది.

మెడకి బెల్టు కాదు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కావాలి. ఆ మచ్చ మీద ఏదీ ఉండకూడదు. బయటికి తీసే రోజు వచ్చినప్పుడు తాళ్లు రెండు పెట్టండి. మా రెండోది సిరిమాను పండగ జనంలో జారిపోతే పెద్దచెరువు చుట్టూ మూడు రోజులు తిరిగాను, చెప్పులు అరిగిపోయాయి.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తుంటారు. దాన్ని గోడ మీద క్యాలెండర్‌లా పెట్టుకోకండి. మా మూడోది గది గడప దాటడానికే ఏడు నెలలు పట్టింది.

గరివిడి హాస్టల్ · ఆగస్టు 20, మధ్యాహ్నం 1:30

అన్నిటినీ గతం మీదకి నెట్టెయ్యకుండా ముందు నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి అక్కా. చెవిలో చీము, పుచ్చిన పన్ను, మెడ మచ్చ లోపల పుండు, వీటిలో ఏదున్నా తల ముట్టుకుంటే కరుస్తుంది. గోమార్లు (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పురుగులు) ఉన్నాయేమో కూడా చూడాలి. వాటి వల్ల వచ్చే జ్వరంలో తిండి మానేసి ఇలాగే మూలన పడి ఉంటాయి, రక్త పరీక్షలో తెలుస్తుంది. అదే అయితే డాక్సీసైక్లిన్ దాదాపు 28 రోజులు వాడాలి. రెండ్రోజులకి హుషారొచ్చిందని మధ్యలో మానెయ్యకూడదు. తీసుకెళ్లే ముందు డాక్టర్‌కి ఫోన్‌లో చెప్తే మత్తు మాత్ర ఏది, ఎంత అని ఆయనే చెప్తారు. మన మాత్రలేవీ పెట్టకండి, నొప్పి మాత్రలైతే అసలే వద్దు.

అంపోలు అప్ప · ఆగస్టు 20, సాయంత్రం 4:10

ఏటి పెడతన్నావమ్మా తిండి? కోడి కాళ్లు ఉడకబెట్టి ఎముక తీసీసి, ఆ నీళ్లతోనే అన్నం మెత్తగా పిసికి పెట్టు. ఉప్పు, ఉల్లిపాయ వద్దు. ఎండు చేపలు అసలొద్దు, ఉప్పు. మా పెంకుటింట్లో కుక్కలు చోడంబలి తాగే బతికాయి గానీ అప్పటి కుక్కలు వేరు.

టెక్కలి రాయి · ఆగస్టు 21, రాత్రి 12:20

ఇక్కడ అందరూ నిలబెట్టుకున్నవాళ్ల కథలే చెప్తారు. నేను పంపించేసినవాణ్ణి. అదీ వినండి.

రెండేళ్ల కిందట ఒక కంకర క్రషర్ దగ్గర నుంచి మగ కుక్కని తెచ్చాను. లారీల కింద పెరిగింది, ఒక వెనక కాలు వంకర. నాతో నాలుగు నెలల్లో ఎంత కలిసిపోయిందంటే, స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చునేది. అదే నన్ను ముంచింది. నాతో బాగుంది కాబట్టి అందరితో బాగుందనుకున్నాను. ఒక మధ్యాహ్నం అది నిద్రపోతుంటే మా పాప వెళ్లి మీద పడి హత్తుకుంది. పెదవి చిట్లింది. ఒక్క సెకను. తర్వాత అది మంచం కిందకి పోయి ఒంటికి పోసుకుంది, పాప కన్నా ఎక్కువ వణికింది. ఆసుపత్రిలో మా ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

పిల్లలు లేని ఇల్లు కోసం వెతికాను. మందస వైపు తోటలో ఉండే ఒక ముసలి దంపతులు ఒప్పుకున్నారు. ఫోన్‌లో "బంగారం లాంటి కుక్క" అన్నాను, కరిచిన సంగతి మింగేశాను. బండెక్కించిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి నాలుగింటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పెద్దాయన కాసేపు ఊరుకుని "నిద్రలో ముట్టుకోకపోతే సరి కదా బాబూ" అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

గట్టు గారూ, పంపించాల్సి వస్తే పంపించండి, అందులో తప్పు లేదు. కానీ కరిచిందని చెప్పి పంపించండి. మళ్లీ ఆ చెరువు గట్టు మీద మాత్రం వదలకండి. తిండి పెట్టే చేతులు అలవాటయ్యాక అక్కడ బతకలేదు.

బొబ్బిలి వీణ · ఆగస్టు 23, ఉదయం 9:00

హెచ్చెం గారికి: నిన్న సుప్రీంకోర్టు ఆ 11వ తేదీ ఆర్డరు మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీద పడే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్‌లో ఉన్న పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

రిటైర్డ్ హెచ్చెం · ఆగస్టు 23, ఉదయం 9:40

పేపర్లో చూశాను. సరే. నా మనవడి సందులో మాత్రం ఏమీ మారలేదు.

నాగావళి గట్టు · ఆగస్టు 26, రాత్రి 9:15

టెక్కలి గారూ, మీది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా బాబు "నిద్రలో ముట్టుకోను" అని వాడంతట వాడే అన్నాడు.

ఇవాళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కరిచి 12 రోజులైంది, కుక్క బాగానే ఉంది. ముందే చెప్పిన మాత్ర చికెన్‌లో పెట్టాం. అయినా మూతికి బుట్టలాంటి చిక్కం తొడగడానికి ముప్పావు గంట, నాకు చెమటలు పట్టాయి. కుడి చెవి నిండా చీము. ఎన్నాళ్లదో! ఆయన ఆ చెవి మడత పైకెత్తగానే వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మామయ్యగారు నిమరబోయింది సరిగ్గా అటు వైపే. గోమార్లు 40 దాకా తీశారు, రక్త పరీక్షలో జ్వరం లేదు. రేబిస్ టీకా వేశారు, మిగతావి చెవి తగ్గాక అన్నారు. మెడ చూడ్డానికి మువ్వల బెల్టు కోసేసి హార్నెస్ తొడిగారు.

ఇప్పుడే ఒక వింత జరిగింది. నేను పప్పు తాలింపు వేస్తుంటే వెనక ఏదో మెత్తగా నడిచినట్టనిపించింది. తిరగలేదు. స్టీలు పళ్లెంలో చూశాను. చోడి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. దీపాలు ఉండగా, ఇంట్లో అందరూ మెలకువగా ఉండగా. ఆవాలు చిటపటమనగానే పరిగెత్తింది, అది వేరే సంగతి.

గరివిడి హాస్టల్ · ఆగస్టు 26, రాత్రి 10:00

చెవి నొప్పికి మందు పడింది కదా, అదీ ఒక కారణం కావచ్చు అక్కా. మత్తు ఇంకా పూర్తిగా దిగి ఉండదు కూడా. రేపు మళ్లీ మెట్ల కిందే ఉంటే దిగులు పడకండి.

నాగావళి గట్టు · సెప్టెంబర్ 16, మధ్యాహ్నం 2:45

నిన్నటితో మామయ్యగారి నాలుగో విడత అయిపోయింది. కానీ నేను రాస్తోంది అందుకు కాదు.

మా ఆయన మొన్న మళ్లీ గార వైపు వెళ్లినప్పుడు ఆ పక్క చెరువు కుర్రాడు కనిపించాడు. మాటల్లో చెప్పాడట. చెరువు మీద కొంగలు, నీటికాకులు వాలకుండా డబ్బాలు కొడతారు కదా. అక్కడి వాచ్‌మన్ రాత్రిళ్లు తను లేవకుండా ఉపాయం చేశాడు. రాళ్లు వేసిన డబ్బాలు రెండు కుక్క మెడ తీగకే కట్టాడు. అది కదిలినప్పుడల్లా గడగడమని మోత. పిట్టలు లేస్తాయి. పిట్టలకి ఏమైందో గానీ, ఇది కదలడం మానేసింది. మోత రాకపోతే వాచ్‌మన్ కర్ర విసిరేవాడట, కదలమని.

ఈయన ఇది చెప్తుంటే మా అత్తయ్య, నేను ఒకేసారి మేకుకి తగిలించిన ఆ మువ్వల బెల్టు వైపు చూశాం. నెల రోజులు మేమే దాని మెడలో మళ్లీ డబ్బాలు కట్టాం. ముచ్చటగా, 120 రూపాయలు పెట్టి. రాత్రి రెండింటికి తినడం, పగలు బొమ్మలా ఉండటం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అత్తయ్య బెల్టు తీసి మువ్వలు ఒక్కొక్కటీ కత్తెరతో కోసి చెత్తలో పడేశారు. ఆవిడ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

చెవి మందు పనిచేసిందా, మువ్వలు పోవడం పనిచేసిందా అంటే నాకు తెలీదు. రెండూ ఒకే రోజు జరిగాయి. నేనైతే కాలి పట్టీలు కూడా తీసేశాను.

మూడు లాంతర్లు · సెప్టెంబర్ 16, సాయంత్రం 6:10

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను మెడ మచ్చ గురించే చెప్పాను గానీ మువ్వల గురించి నాకూ తట్టలేదు. మీరు మొదటి పోస్టులోనే రాశారు.

పలాస జీడి · సెప్టెంబర్ 16, రాత్రి 8:00

మా చిన్న కుక్కకి కూడా మువ్వ ఉంది. అదంటే దానికి ఇష్టమే అనుకుంటున్నాను. ఇవాళ తీసి చూస్తాను.

నాగావళి గట్టు · అక్టోబర్ 12, ఉదయం 11:20

దీపావళి వస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు హాల్లోకి వస్తోంది, సాయంత్రం ఇంటి వెనక పెరట్లో రెండు తాళ్లతో తిరుగుతోంది. మా వీధిలో లక్ష్మీబాంబులు బాగా కాలుస్తారు. ఏం చెయ్యాలి?

గరివిడి హాస్టల్ · అక్టోబర్ 12, మధ్యాహ్నం 12:40

వారం ముందే డాక్టర్‌ని అడగండి. షాపువాడు ఇచ్చే నిద్రమాత్ర వద్దు. కొన్ని మందులు కదలకుండా పడేస్తాయి గానీ లోపల భయం అలాగే ఉంటుంది. దీని విషయంలో అంతకన్నా ఘోరం ఉండదు. చీకటి పడక ముందే పెరట్లోకి తీసుకెళ్లి వచ్చెయ్యండి, కిటికీలు మూసి ఫ్యాను ఫుల్లు మీద పెట్టండి. మెట్ల కింద చోటు దుప్పట్లతో కప్పండి. భయపడుతున్నప్పుడు దగ్గరకొస్తే నిమరండి, నిమిరితే భయం పెరుగుతుందన్న మాట నిజం కాదు.

నాగావళి గట్టు · అక్టోబర్ 30, రాత్రి 8:50

దీపావళి గడిచింది. డాక్టర్ ఇచ్చిన మాత్ర వేశాం, వణికింది, ఒకసారి తడిపింది. మామయ్యగారు ఆ రాత్రంతా మెట్ల పక్కన కుర్చీ వేసుకుని, దానికేసి చూడకుండా పేపరు చదివారు. అదే పేపరు, మూడు గంటలు. మర్నాడు మళ్లీ రెండ్రోజులు దుప్పటి వెనకే. తర్వాత మొంథా తుపాను వానలకి కరెంటు పోతే మాత్రం తనే హాల్లోకి వచ్చి అందరి మధ్యా పడుకుంది. చీకటి దానికి అలవాటే కదా.

ఇప్పుడు మామయ్యగారు దారి ఇమ్మనాలంటే "రైట్ రైట్" అంటారు, లేచి జరుగుతుంది. "హోల్డాన్" అంటే ఆగుతుంది. నేను పిలిస్తే ఇంకా రాదు, ఆయన మాటే వింటుంది. నాకు కొంచెం కుళ్లుగానే ఉంది. మెడ దగ్గర మాత్రం ఈ రోజుకీ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. హార్నెస్ కూడా కింద నుంచి తొడగాలి. బాబు దాని పక్కన కూర్చోలేదు, వచ్చే వేసవికి చూద్దాం అనుకున్నాం.

ఇంకో ప్రశ్న. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు కడతారట కదా. అది గోడకి తగిలితే చప్పుడు. పైగా మెడ. దానికి ఏదైనా మార్గం ఉందా?

గరివిడి హాస్టల్ · అక్టోబర్ 30, రాత్రి 9:20

ఉంది అక్కా. మీ బాబు పాత బనియన్ ఒకటి తీసుకోండి, చేతులకి ముందు కాళ్లు వచ్చేలా తొడిగి, కింది భాగం నడుం మీద ముడి వెయ్యాలి. కుట్టు కప్పడిపోతుంది. మెడ వెడల్పుగా కత్తిరించండి. ఇప్పుడే రోజుకి అయిదు నిమిషాలు తొడిగి అలవాటు చెయ్యండి, ఆపరేషన్ రోజే మొదటిసారి తొడిగితే మళ్లీ మెట్ల కిందే.

అంపోలు అప్ప · అక్టోబర్ 30, రాత్రి 9:45

బనియన్ మెత్తగా ఉతికి తొడుగు. గంజి పెట్టీసిన బట్ట గరగరమంటది.